నలభై ఇళ్ళ లెక్క

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారిలో పహాడీ షరీఫ్ దాటి, తుక్కుగూడ వద్ద ఔటర్ రింగ్ రోడ్డును దాటి ముందుకు సాగితే కొంతసేపటికి కందుకూరు వస్తుంది. ప్రయాణికుల్లో అధికులు ఇక్కడ దిగరు. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో కిటికీలోంచి ఒక చాయ్ కొట్టును, నాలుగు పండ్ల బండ్లను, ప్లాట్ల అమ్మకం బోర్డులను చూసి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా నల్లమల దిక్కుగా వెళ్ళిపోతారు. ఊరి పేరుకైనా పెద్ద గుర్తింపు లేదు. ఆంధ్ర ప్రాంతంలో ఇదే పేరుతో ఇంతకన్నా పెద్ద పట్టణం ఒకటుంది. కందుకూరు అనగానే చాలామందికి అదే స్ఫురిస్తుంది. "మాది రంగారెడ్డి జిల్లా కందుకూరు, ఇబ్రహీంపట్నం దిక్కున ఉంటుంది" అని వివరించకుండా నేను ఏ బంధువుల పెళ్ళిలోనూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చోలేదు.

పర్యాటకులు వెతుక్కుంటూ వచ్చే కోట ఇక్కడ లేదు, జలపాతం లేదు. అలాంటి ఊరిని గురించి ప్రయాణ వ్యాసం రాయబూనడం వింతగా తోచవచ్చు. కాని ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి ఒక గల్లీలో నివసిస్తున్నవాడిగా నేను చెప్పగలిగింది ఒకటుంది. కొన్ని ఊళ్ళను కిటికీలోంచి చూడలేము. గడప దాటి లోపలికి వెళ్ళాలి, అదీ ఏదో ఒక వస్తువు అడగడానికి వెళ్ళాలి.

మదరసాలో పెద్ద తరగతి పిల్లలకు పొరుగువారి హక్కుల పాఠం ఏటా వస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలతో పాటు దగ్గరి పొరుగువారినీ, దూరపు పొరుగువారినీ పేర్కొని, వారందరి పట్ల ఉత్తమంగా మెలగమని ఆదేశిస్తుంది. పొరుగువాని విషయమై జిబ్రీల్ (అలైహిస్సలాం) పదే పదే తాకీదు చేస్తుండగా, చివరకు అతనికి ఆస్తిలో వాటా కూడా నిర్ణయిస్తారేమోనని దైవప్రవక్త (స) వారికి తోచిందని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇంతవరకు పిల్లలు తలలూపుతూ రాసుకుంటారు. ఒక ఏడాది వెనుక వరుసలోని ఒక కుర్రవాడు లేచి, "హజ్రత్, పొరుగు అంటే ఎక్కడి దాకా?" అని అడిగాడు.

ఇమాం బుఖారీ (రహ్మ) గారి 'అల్ అదబుల్ ముఫ్రద్' గ్రంథంలో ఈ ప్రశ్నకు హసన్ బస్రీ (రహ్మ) గారి సమాధానం ఉంది. ఇంటికి ముందు నలభై ఇళ్ళు, వెనుక నలభై, కుడి పక్క నలభై, ఎడమ పక్క నలభై పొరుగేనని ఆయన అన్నారు. ఆ మాట చెప్పి పుస్తకం మూయడానికి మనసొప్పలేదు. ఆ సాయంత్రం నలుగురు పిల్లలను నాలుగు దిక్కులకు పంపి, మా ఇంటి నుంచి నలభై ఇళ్ళు లెక్కపెట్టి రమ్మన్నాను.

గంటలో తిరిగి వచ్చారు. తూర్పుకు వెళ్ళినవాడు ముప్ఫయి ఒక్క ఇళ్ళకే పెద్ద రోడ్డు తగిలిందనీ, రోడ్డు దాటి మిగిలిన తొమ్మిదీ పూర్తి చేశాననీ చెప్పాడు. ఉత్తరం వాడు లెక్క మధ్యలో ఎవరింట్లోనో సకినాలు తిని వచ్చాడు. దక్షిణం వాడు రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. పడమటికి వెళ్ళినవాడి ముఖం చిన్నబోయింది. "హజ్రత్, ఇరవై నాలుగు ఇండ్లకే పొలాలొచ్చినయ్. మక్కచేను కాడి కావలి గుడిసెను లెక్కపెట్టాల్నా?" అన్నాడు. "అందులో మనిషి ఉన్నాడా?" అన్నాను. "ఉన్నడు, నీళ్ళు గూడ ఇచ్చిండు" అన్నాడు. లెక్కపెట్టమన్నాను.

అందరూ వెళ్ళిపోయాక తూర్పువాడు ఆగి, మెల్లగా ఇంకో లెక్క చెప్పాడు. మొత్తం ఇళ్ళలో ముస్లిములవి పద్ధెనిమిదేనట. మిగిలినవి లెక్కలోకి వస్తాయా అన్నది అతని సందేహం. హసన్ బస్రీ గారు ఇళ్ళని అన్నారే గాని ఎవరి ఇళ్ళని అనలేదని చెప్పాను. ప్రవక్త సహచరులైన అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారి ఇంట గొర్రెను కోసినప్పుడు, యూదుడైన తమ పొరుగువానికి పంపారా లేదా అని ఆయన ఇంటివారిని గుచ్చి గుచ్చి అడిగిన ఉదంతం కూడా వినిపించాను. కుర్రవాడు తృప్తిగా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను నా లెక్క వేసుకున్నాను. ఆ ఇళ్ళలో ఎన్నింటి గడప నేను తొక్కాను? వాటిలో ఎవరికి నాతో పని పడింది, నాకు ఎవరితో పని పడింది? అప్పటికి నా లెక్క పిల్లల లెక్కంత పెద్దగా లేదు.

ఇప్పుడు ఆ నాలుగు దిక్కులనూ పాఠకులకు చూపుతాను.

తూర్పు దిక్కు మా ఊరికి నిద్ర లేపే దిక్కు. ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగేసరికి రోడ్డు మీది చాయ్ కొట్టులో పాలు పొంగుతుంటాయి. కొట్టు యజమాని శివభక్తుడు. తొలి చాయ్ దేవుని పటం ముందు పెట్టి, రెండోది మా ముఅజ్జిన్ గారికి ఇస్తాడు. ఆయన చక్కెర వ్యాధిగ్రస్తుడని ఎవరూ చెప్పకుండానే ఆ గ్లాసులో చక్కెర మానేశాడు. ఉత్తరం దిక్కున కిరాణా కొట్టు ఉంది. అక్కడ పిల్లవాడిని పంపితే ఏ ఇంటి పిల్లవాడో అడగరు, ఆ ఇంట్లో ఏ బియ్యం తింటారో అడగకుండానే తూచి ఇస్తారు. దక్షిణాన దర్జీ, మంగలి, ఇస్త్రీ బండి. శుక్రవారం ఉదయం ఇస్త్రీ చేసే అన్న తెల్ల బట్టలకే పొయ్యి రాజేస్తాడు. జుమా వేళకు అందకపోతే తన మాట పోతుందన్నది అతని పట్టుదల. పడమట పొలాలు. టమాటా దిగుబడి ఎక్కువై ధర పడిపోయిన రోజుల్లో రైతు మార్కెట్టుకు తీసుకుపోవడం దండగనుకొని గల్లీ మొగదల బుట్ట దించి పోతాడు. ఆ వారం మా నలభై ఇళ్ళలోనూ టమాటా పచ్చడి వాసనే.

పండుగలు వచ్చినప్పుడు ఈ గల్లీ మర్యాద పూర్తిగా కనిపిస్తుంది. సంక్రాంతికి మాకు సకినాలు, అరిసెలు వస్తాయి. ఈదుల్ ఫిత్ర్‌నాడు మా ఇంటి నుంచి షీర్ ఖుర్మా వెళుతుంది. ఎవరింటికి ఏది వెళ్ళాలో నా భార్యకు కంఠస్థం. ఎవరు శనివారం ఒక్కపొద్దు ఉంటారో, ఎవరింట్లో మాంసం ముట్టరో, ఎవరికి జీడిపప్పు పడదో ఆమె లెక్కకు మించిన పుస్తకం లేదు. కూర వండేటప్పుడు పులుసు కాస్త ఎక్కువ చేసి పొరుగువారిని తలచుకొమ్మని దైవప్రవక్త (స) అబూ జర్ (రజి) గారికి చేసిన హితవును నేను పాతికేళ్ళుగా పాఠంగా చెబుతున్నాను. ఆమె దాన్ని దాల్చా గిన్నెలో అమలు చేస్తుంది.

ఆ గిన్నెల సంగతి చెప్పాలి. మన వైపు స్టీలు సామాను కొంటే దుకాణంలోనే అంచు మీద పేరు చెక్కించుకోవడం ఆనవాయితీ. మా వంటింట్లో ఎప్పుడు చూసినా కనీసం మూడు కుటుంబాల పేర్లున్న గిన్నెలు ఉంటాయి. మా గిన్నెలు అదే సమయంలో మరో మూడు వంటిళ్ళలో ఉంటాయి. గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది ఇక్కడి నియమం. ఏమీ లేకపోతే గుప్పెడు పల్లీలో, నాలుగు జామకాయలో వేసి పంపుతారు. అందువల్ల లెక్క ఎన్నడూ తీరదు, ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఎప్పుడూ బాకీయే. వ్యాపారంలో తీరని బాకీ నిద్ర చెడగొడుతుంది. ఈ బాకీ మాత్రం నిద్ర పట్టిస్తుంది.

ఈ సుఖం నాకు వచ్చిన వెంటనే దొరకలేదు. దానికి కారణం నేనే.

నేను ఈ ఊరికి వచ్చినప్పుడు ముప్ఫయి దాటినవాడిని, విద్యాభ్యాసం ముగించి కొన్నేళ్ళు బోధించినవాడిని. పుచ్చుకునే చేయి కన్నా ఇచ్చే చేయి మేలన్న బోధ నా మనసులో గట్టిగా నాటుకొని ఉంది. యాచన గురించి చెప్పిన ఆ మాటను నేను ఇరుగుపొరుగుకు కూడా అన్వయించుకున్నాను. నిచ్చెన కొన్నాను, సుత్తి కొన్నాను, పెద్ద వంటకు పెద్ద డేగిశా కొన్నాను. ఎవరింటికీ వెళ్ళి ఏదీ అడగకపోవడం మర్యాద అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో కొంత అహంకారం ఉండేది. ఉపదేశించేవాడు చాట అడగడానికి వెళితే ఉపదేశం తేలికవుతుందని లోలోపల భయం.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఒక సాయంత్రం అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను నిలబెట్టేసింది.

"మౌల్సాబ్, మీరొచ్చి ఎనిమిది నెలలాయె. ఒక్కపాలి గూడ మా ఇంటికొచ్చి ఏదీ అడగకపోతిరి. మేం గంత పరాయోళ్ళమా?"

"అట్లేం లేదు పెద్దమ్మా. అల్లాహ్ దయవల్ల ఇంట్లో అన్నీ ఉన్నాయి" అన్నాను.

"అన్నీ ఉన్నోళ్ళకు ఇరుగుపొరుగు ఎందుకు బిడ్డా?" అంది. మళ్ళీ కాయలు ఒలవసాగింది.

ఆ రాత్రి నేను మాఊన్ సూరా వ్యాఖ్యానం తెరిచాను. ఏడు వాక్యాల చిన్న సూరా అది. పిల్లలు తొలి ఏడాదే కంఠస్థం చేస్తారు. అనాథను గెంటివేసేవారినీ, నమాజు పట్ల ఏమరుపాటు వహించేవారినీ, ప్రదర్శన కోసం ఆచరించేవారినీ మందలించి, చివరకు మాఊన్‌ను నిరాకరించేవారి ప్రస్తావనతో ముగుస్తుంది. మాఊన్ అంటే ఏమిటన్నదానికి ఇబ్ను మస్ఊద్ (రజి) వంటి వారు ఇచ్చిన వివరణ సాదాసీదాగా ఉంటుంది. ప్రజలు ఒకరికొకరు ఎరువిచ్చుకునే కుండ, గొడ్డలి, బొక్కెన వంటివి. ఎంత గొప్ప విషయాల సరసన ఎంత చిన్న వస్తువు! ఇన్నేళ్ళూ దాన్ని ఇచ్చేవానికి చెప్పిన పాఠంగానే చదివాను. అడిగేవాడే లేకపోతే ఇచ్చేవాడు ఎవరికిస్తాడు? అవసరం ఉండీ అడగనివాడు పొరుగువానికి దక్కవలసిన పుణ్యాన్ని తన గడప దగ్గరే అడ్డుకుంటున్నాడని ఆ రాత్రి తోచింది.

మర్నాడు ఎదురింటికి వెళ్ళి గడ్డపార అడిగాను. జామ మొక్క నాటవలసి ఉంది. పెద్దమ్మ గడ్డపార ఇచ్చి ఊరుకోలేదు. వెంట వచ్చి నిలబడి, గుంత లోతు చాలదని రెండుసార్లు తవ్వించింది. పశువుల ఎరువు తెప్పించి వేయించింది. ఆ చెట్టు ఇప్పుడు మా ప్రహరీ దాటి ఆమె అరుగు మీదికి నీడ ఇస్తోంది.

అడగడం నేర్చుకున్నాక అడగడంలోని బాధ్యత కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఒకసారి నా నిచ్చెన విరిగి, మూడో ఇంటి మేస్త్రీ గారి నిచ్చెన తెచ్చుకున్నాను. దాని మెట్టు ఒకటి నా చేతిలో విరిగింది. చెప్పడానికి మొహమాటపడి రెండు రోజులు తాత్సారం చేశాను. మూడో రోజు ఆయనకు పని పడింది, నిచ్చెన లేక ఆ దినం కూలి పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. వారం రోజులు ఎదురుపడితే తల వంచుకొని వెళ్ళాడు, అంతే. నేను వెళ్ళి తప్పు ఒప్పుకొని, కూలి డబ్బు ముందుంచాను. డబ్బు తీసుకోలేదు. "మెట్టు చేయించున్రి చాలు. మీరు జెప్పకపోవుడే నాకు బాధైంది" అన్నాడు. ఎరువు తెచ్చిన వస్తువు అమానతు. ఇరుగుపొరుగు సుఖం నవ్వుల మీదే నిలబడదని, దాని కింద హక్కు అనే పునాది ఉంటుందని విద్యార్థులకు చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ ఉదంతమే చెబుతాను. నా పేరు దాచను.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మా గల్లీ కనిపెట్టింది కాదు, ఈ నేలకు పాతదే. మా పక్క పట్టణం ఇబ్రహీంపట్నం పేరు గోల్కొండను 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా మీదుగా వచ్చిందని చెబుతారు. రాజు కాకముందు ఆయన సొంత అన్నకు భయపడి దేశం విడిచి, విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్ళు గడిపాడు. అక్కడ తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. సింహాసనం ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని తమ నోటికి తగినట్టు పిలుచుకున్నారు. ఐతే 1565లో దక్కను సుల్తానులు ఏకమై రామరాయలతో యుద్ధం చేసినప్పుడు ఇబ్రహీం కూడా వారిలో ఒకడు. ఆశ్రయమిచ్చిన ఇంటి బాకీ రాజకీయం ముందు నిలవలేదు. అక్కడ నేర్చిన భాష మాత్రం ఆయనను విడువలేదు. రాజుల పొరుగు అలాంటిది. మనబోటి వారి పొరుగుకు అంత పరీక్ష రాకూడదని కోరుకుంటాము. మాకూ చిన్నపాటి పరీక్ష వచ్చింది.

2020 మార్చి చివరి వారంలో దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. మస్జిదులు సామూహిక నమాజులకు మూతపడ్డాయి, మదరసా పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. వ్యాధి భయంతో పాటు ఇంకొక భయం ఫోన్లలో తిరిగింది. వ్యాధిని ముస్లిములే వ్యాపింపజేస్తున్నారన్న వీడియోలు, మాటలు గడప గడపకూ చేరాయి. మా గల్లీలో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాని గిన్నెలు ఆగిపోయాయి. రెండు వారాలపాటు మా వంటింట్లో మా పేర్లున్న గిన్నెలు తప్ప వేరే గిన్నె లేదు. కూరగాయల బండి వచ్చినప్పుడు నేను వెళితే కొద్దిగా జరిగి నిలబడేవారు. అది వ్యాధికి పాటించిన దూరమో, మనిషికి పాటించిన దూరమో తెలియక నేను కూడా బయటికి వెళ్ళడం తగ్గించాను. పద్ధెనిమిదేళ్ళ లెక్క ఇంత తేలికగా చెరిగిపోతుందా అని రాత్రి నా భార్య అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

ఒక ఉదయం మా గేటు చప్పుడైంది. ముఖానికి కొంగు గట్టిగా చుట్టుకొని పెద్దమ్మ నిలబడి ఉంది. గల్లీలో నాలుగు అరుగుల మీద మనుషులున్న వేళ అది.

"మౌల్సాబ్, జర కరివేపాకు ఉంటే ఇప్పియ్యున్రి. పోపుకు లేదు" అని గల్లీ అంతా వినబడేట్టు అడిగింది.

నా భార్య లోపలి నుంచి రెబ్బలు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ వాటిని చేత్తో పట్టుకొని, తొందరేమీ లేకుండా రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళింది. ఆమె వెనక్కి తిరిగాక నాకు తట్టింది. ఆమె పెరట్లో నిలువెత్తు కరివేపాకు చెట్టు ఉంది. మేం ఇచ్చిన రెబ్బలు కూడా వెనకటి సంవత్సరం ఆమె ఇచ్చిన పిలకకు కాసినవే.

సాయంత్రానికి కిరాణా కొట్టు నుంచి మనిషి వచ్చి, సరుకులు ఏమైనా కావాలా అని అడిగాడు. మర్నాడు మేస్త్రీ గారి ఇంటి నుంచి పచ్చి పులుసు వచ్చింది. ఏప్రిల్ 25న రమజాన్ మొదలైంది. ఇఫ్తార్‌కు మస్జిదులో దస్తర్‌ఖాన్ లేకపోయినా, పడమటి పొలాల రైతు పుచ్చకాయలు గేటు దగ్గర పెట్టి కేక వేసి వెళ్ళాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. ఒక ముసలామె లేని అవసరాన్ని కల్పించుకొని అడిగింది, అంతే. దగ్గరి గుమ్మం వారికే కానుకలో మొదటి హక్కు అని ఆయిషా (రజి) గారి ప్రశ్నకు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానం నాకు ఎన్నడో తెలుసు. దగ్గరి గుమ్మం ఎంత దగ్గరో ఆ రోజు తెలిసింది.

ఇటీవల మా ఊరు వేగంగా మారుతోంది. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి ఈ దిక్కు భూములకు గిరాకీ మొదలైంది. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2024 ఆగస్టు 1న మా మండలంలోని మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కలే ఫ్యూచర్ సిటీ వస్తుందంటున్నారు. పిల్లలకు ఉద్యోగాలు దొరికితే సంతోషమే. అభివృద్ధిని నిందించడం నా ఉద్దేశం కాదు. కాని పడమటి పొలాలకు కడీలు పాతి ప్లాట్లు కోశారు. ఆ కావలి గుడిసె లేదు. నలభై ఇళ్ళ లెక్కలో ఏడు ఇళ్ళకు తాళాలున్నాయి. వాటి యజమానులెవరో ఆ తాళాలకే తెలియాలి.

పెద్దమ్మ రెండేళ్ళ కిందట కన్నుమూసింది. నగరం అంచున పెద్ద అపార్టుమెంటులో ఫ్లాటు కొన్న మా పెద్దబ్బాయి, "అబ్బా, ఇప్పుడు ఈ ఇంటికి మంచి ధర వస్తుంది. అమ్మీకి మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు ఉంది, ఆసుపత్రి దగ్గర. వచ్చేయండి" అంటున్నాడు. అతని మాటలో ప్రేమ ఉంది, తర్కమూ ఉంది. కొట్టిపారేయలేకపోయాను. గత ఏడాది సెలవుల్లో పది రోజులు వెళ్ళి ఉన్నాము.

ఫ్లాటు శుభ్రంగా ఉంది, గాలి వస్తుంది, నీళ్ళకు కొరత లేదు. అక్కడ ఎవరికీ ఎవరితోనూ పని లేదు. ఏది కావాలన్నా ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో తలుపు దగ్గరికి వస్తుంది. నాలుగు రోజులపాటు లిఫ్టులో ఎదురైన వారికి సలాం చేసీ, నమస్కారం చెప్పీ నాకు తిరిగి వచ్చినవి సగం. ఎదుటి తలుపు మీద పేరు లేదు, అంకె ఉంది. అన్నీ ఉన్నోళ్ళకు ఇరుగుపొరుగు ఎందుకన్న మాట గుర్తుకొచ్చింది. ఐదో రోజు మనవడి సైకిలు మర వదులైంది. ఆర్డరు పెడతానని అబ్బాయి ఫోను తీశాడు. వద్దని, నేను ఎదుటి తలుపు తట్టాను.

నా వయసు వాడే తలుపు తీశాడు. స్క్రూడ్రైవర్ ఉందా అని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. అడగకూడనిది అడిగానేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి చాలాసేపు వెతికి, తుడిచి తెచ్చి ఇచ్చాడు. సాయంత్రం దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు నా భార్య పంపిన ఖీర్ గిన్నె కూడా ఇచ్చాను. మర్నాడు ఆయనే మా తలుపు తట్టాడు. గిన్నెలో కొబ్బరి ఉండలు ఉన్నాయి. కాసేపు నిలబడి, "మూడేళ్ళయింది సార్ ఈ ఫ్లాటుకు వచ్చి. ఎవరైనా వచ్చి ఏదైనా అడగడం ఇదే మొదలు" అన్నాడు. ఆ తర్వాత తన కుమారుడు విదేశంలో ఉన్నాడని, భార్యకు ఆరోగ్యం బాగుండదని, రాత్రిపూట అవసరమైతే ఎవరిని పిలవాలో తెలియక భయపడతామని చెప్పాడు. మా అబ్బాయి అప్పుడే అక్కడికి వచ్చాడు. "అంకుల్, నన్ను పిలవండి. ఎప్పుడైనా" అని నంబరు ఇచ్చాడు. రెండేళ్ళుగా అదే వరండాలో నడిచిన ఇద్దరికీ ఆ నంబరు అప్పుడే అవసరమైంది.

అప్పటి వరకు కందుకూరు గల్లీలోని సుఖం ఆ మట్టిలో ఉందని నా భ్రమ. దాన్ని విడిచిపోతే అది పోతుందని బాధపడ్డాను. నిజానికి అది ఎక్కడైనా మొలుస్తుంది, ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టి ఒక చిన్న వస్తువు అడగాలి. పట్నంలో ఉంటున్న పాఠక సోదర సోదరీమణులు ఈ వారం ఒక పని చేసి చూడాలని నా మనవి. ఎదుటి ఇంటికి వెళ్ళి నాలుగు పచ్చిమిరపకాయలు అడగండి. తీసుకున్నది తిరిగి ఇవ్వండి, గిన్నెను ఖాళీగా పంపకండి. వస్తువు పాడైతే అదే రోజు చెప్పండి. మీ పిల్లలను నలభై ఇళ్ళు లెక్కపెట్టి రమ్మనండి, ఎవరి ఇళ్ళని అడగవద్దని చెప్పండి.

మేము తిరిగి వచ్చాము. ఇల్లు ఇప్పట్లో అమ్మనని అబ్బాయికి చెప్పాను. రేపటి సంగతి అల్లాహ్‌కే ఎరుక. మోకాళ్ళ నొప్పి ముదిరితే వెళ్ళవలసి రావచ్చు. వెళ్ళవలసి వస్తే స్క్రూడ్రైవర్ లేకుండానే వెళతాను.

వచ్చిన మర్నాడు వంటింట్లో సామాను సర్దుతూ నా భార్య ఒక గిన్నె తీసి చూపింది. దాని అంచు మీద పెద్దమ్మ పేరు ఉంది. ఆమె పోయే ముందు నెలలో చింతకాయ తొక్కు పంపిన గిన్నె అది. దుఃఖపు దినాల్లో ఇవ్వడం మరిచాము. అమానతు అమానతే. మా చెట్టు జామకాయలు నిండుగా పోసి ఎదురింటికి పట్టుకెళ్ళాను. పెద్దమ్మ కోడలు గిన్నె అందుకొని, పేరు మీద వేలితో తడిమి, కాసేపు మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని, "ఉండున్రి మామా" అని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆ గిన్నెలో వేడి వేడి గారెలు ఉన్నాయి. గిన్నె మళ్ళీ మా ఇంటికే వచ్చింది.

మా బాకీ తీరలేదు. అల్లాహ్ దాన్ని తీరనివ్వకుండా ఉంచుగాక! ఆమీన్.